ఊదుగొట్టం

"పెద్దమ్మా, గట్టిగ ఊదాలె. ఆపొద్దు... ఊదు, ఊదు, ఊదు, ఇంకా ఊదు!"

కూకట్‌పల్లి మెయిన్ రోడ్డు మీద, మెట్రో స్తంభాలకి ఎదురుగా ఉన్న ఒక పరీక్షల సెంటరు. చల్లటి గది. మా అత్తగారు ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, నోట్లో అట్టగొట్టం బిగించి, కళ్ళు ఇంతింత చేసుకుని ఊదుతున్నారు. పక్కన నిలబడ్డ అమ్మాయి కబడ్డీ ఆటలో కూతపెట్టినట్టు ఊపిరి తిప్పుకోకుండా అరుస్తోంది. మూడోసారి ఊదడం అయ్యాక మా అత్తగారు క్లిప్పు లాగి పారేసి, "ఏం పిల్లా, ఎంతకని ఊదమంటావు? ముప్పయ్యేళ్ళు పొయ్యి ఊదాను. ఆ ఊపిరే ఉంటే నీ దగ్గరికెందుకొస్తానూ?" అన్నారు.

ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు.

మా అత్తగారికి డెబ్భై నాలుగేళ్ళు. కృష్ణా జిల్లాలో పుట్టి, అక్కడే మెట్టి, మామగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. మాది కె.పి.హెచ్.బి. కాలనీలో మూడో అంతస్తు. లిఫ్టు పాడైన రోజున ఆవిడ రెండో అంతస్తు మలుపులో కూలబడి, "కాళ్ళు లాగుతున్నాయే అమ్మాయ్" అన్నారు. లాగింది కాళ్ళు కాదు, ఊపిరి. చూశారూ, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఆయాసాన్ని ఆయాసమని చచ్చినా ఒప్పుకోరు. కాళ్ళ నొప్పులంటారు, నీరసమంటారు, పైత్యమంటారు, ఆఖరికి "వయసు" అనేసి కొంగు దులుపుకుని లేస్తారు. ముందు చూపించిన డాక్టరుగారు కూడా ఆ వయసు మాటే అని బలానికి మాత్రలు రాసిచ్చారు. రెండో ఆయన "పొగ తాగుతారా?" అని అడిగారు. ఇక చూడండి, ఇంటికొచ్చేదాకా ఆటోలో నన్నే సాధించారు. "నేనేమన్నా చుట్ట కాల్చేదానిలా కనపడుతున్నానా?" అని. (విశాఖ, శ్రీకాకుళం వైపు చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలున్నారు గనక ఆ ప్రశ్న మరీ అంత విడ్డూరమేమీ కాదు. ఆ సంగతి అప్పుడు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.)

మూడోసారి చూసిన డాక్టరమ్మ మాత్రం నాడి పట్టుకుని, ముచ్చట చెప్పినట్టుగా, "అమ్మా, మీ అత్తారింట్లో పొయ్యి ఏం పొయ్యి?" అని అడిగింది.

అంతే, మా అత్తగారి మొహం వికసించింది. కట్టెల పొయ్యి, పిడకల దాలి, వరిపొట్టు పొయ్యి, రంపప్పొట్టు పొయ్యి, వానాకాలం తడి కంప, దాన్ని మండించడానికి ఇనప ఊదుగొట్టం — అన్నీ పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చారు. డాక్టరమ్మ అంతా విని కాయితం మీద "స్పైరోమెట్రీ" అని రాసింది. ఊదే పరీక్ష.

నేను బి.ఏ. చరిత్ర చదివినదాన్ని. సైన్సంటే ఇప్పటికీ గుండెదడే. నవలలు రాసుకునేదాన్ని గనక రోగాలతో నాకు పరిచయం వేరే రకం. నా రెండో నవలలో కథానాయికకి దగ్గు తెప్పించి, చేతిరుమాలు మీద ఒక్క రక్తపు చుక్క వేయించి, నలభై పేజీల్లో చంపేశాను. దానికి ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. ఆవిడ నర్సుట. "మీ నాయికకి తెమడ పరీక్ష ఎందుకు చేయించలేదండీ? ఆరు నెలలు మందులు మింగితే హాయిగా బతికేది గదా!" అని. సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు ఒక పక్కా, అత్తగారి మాట ఒక పక్కా పట్టి లాగితే, ఈ ఊపిరి పరీక్షల చరిత్ర ఏమిటో చూద్దామని కూర్చున్నాను.

ఊపిరితిత్తులు మహా మొండివి. పొట్టలాగా నొక్కి చూడటానికి లేదు, నాలుకలాగా బయటపెట్టమనడానికి లేదు. ఎముకల గూట్లో కూర్చుని ఉంటాయి. వాటి తలుపు మొట్టమొదట తట్టినవాడు ఆస్ట్రియా దేశంలో లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు. 'తట్టిన' అన్నది అక్షరాలా నిజం. వాళ్ళ నాన్నకి సత్రముండేది. సారా పీపాల్లో సరుకు ఎంతదాకా ఉందో తెలుసుకోవడానికి పైనించి కింద దాకా వేళ్ళతో కొట్టి చప్పుడు వినేవారు. ఖాళీ ఉన్నచోట గుల్లగా, నిండుగా ఉన్నచోట బండగా మోగుతుంది. మన రైతుబజారులో పుచ్చకాయని వేలితో కొట్టి చూసుకునే ప్రతి ఇల్లాలికీ తెలిసిన విద్యే. ఆవెన్‌బ్రుగ్గర్ దాన్ని రోగుల రొమ్ము మీద ప్రయోగించి 1761లో పుస్తకం వేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1808లో ఫ్రెంచిలోకి అనువాదమయ్యాక గాని డాక్టర్లకి తట్టడం తట్టలేదు.

తర్వాతి మెట్టు ఒక ఆడమనిషి మూలాన వచ్చింది. 1816లో పారిస్‌లో రెనీ లేనెక్ అనే డాక్టరు దగ్గరికి గుండెజబ్బుతో ఒక అమ్మాయి వచ్చింది. కాస్త ఒళ్ళున్న మనిషి, అందుకని తట్టి చూస్తే చప్పుడు తెలియదు. రొమ్ముకి చెవి ఆనించి వినడం అప్పటికి వాడుకలో ఉన్నదేగాని, వయసులో ఉన్న పిల్ల, మర్యాదగా ఉండదు. లేనెక్ కాయితాల దస్తా ఒకటి గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె గుండె మీదా, ఒక కొస తన చెవికీ పెట్టుకున్నాడు. దగ్గర చెవికంటే దూరపు గొట్టంలోనే స్పష్టంగా వినపడింది! ఆ కాయితపు చుట్టే చెక్క గొట్టమై, తర్వాత రబ్బరు గొట్టాల స్టెతస్కోపయింది. ఆ అమ్మాయి పేరేమిటో ఎవరూ రాసిపెట్టలేదు. ఆవిడ సిగ్గు మాత్రం ప్రపంచంలోని డాక్టర్లందరి మెడల్లోనూ వేలాడుతోంది.

లేనెక్ ఆ గొట్టంతో క్షయ రోగుల రొమ్ముల్లో ఎన్ని రకాల చప్పుళ్ళు ఉంటాయో వర్ణించి 1819లో గ్రంథం రాశాడు. ఆయన్ని కూడా క్షయే తీసుకుపోయింది, 1826లో. డాక్టరైన బంధువొకడు ఆయన చెక్కగొట్టమే ఆయన రొమ్ము మీద పెట్టి విన్నాడు. పుస్తకంలో ఉన్న చప్పుళ్ళే వినిపించాయట. నవలాకారులం మేము కల్పించబోతే అతిశయోక్తి అంటారు!

ఇంక మా అత్తగారు ఊదిన మిషను సంగతి. దాని తాత 1846లో లండన్‌లో పుట్టాడు. జాన్ హచిన్సన్ అనే డాక్టరు నీళ్ళ తొట్టిలో ఒక డబ్బా బోర్లించి, గొట్టంలోంచి ఊదితే ఆ డబ్బా ఎంత ఎత్తు లేస్తుందో కొలిచే యంత్రం చేశాడు. మనిషి నిండా పీల్చి, నిండా వదిలిపెట్టగలిగిన గాలికి 'వైటల్ కెపాసిటీ' అని పేరు పెట్టాడు. ప్రాణశక్తి అనుకోండి. రెండువేల మందికి పైగా మనుషుల చేత ఊదించాడు. ఎవరు వాళ్ళు? నావికులు, పోలీసులు, సైనికులు, నిప్పులార్పే దళం వాళ్ళు, కుస్తీవీరులు, పెద్దమనుషులు. అత్యధికులు మగవాళ్ళే. పొడుగు పెరిగినకొద్దీ గాలి పెరుగుతుందని లెక్కగట్టాడు. జీవిత బీమా కంపెనీలకి ఇది బాగా ఉపయోగపడుతుందని ఆశపడ్డాడు. ఎవడు తొందరగా పోతాడో ముందే తెలిస్తే పాలసీ ఇవ్వక్కర్లేదు గదా!

ఆ యంత్రాన్ని అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు పట్టుకున్నాడు. బానిసత్వాన్ని సమర్థించే పెద్దమనిషి. నల్లవాళ్ళ ఊపిరితిత్తులు తెల్లవాళ్ళవాటికంటే బలహీనమని, పొలంలో చాకిరీ చేయిస్తేనే వాళ్ళకి ఆరోగ్యమనీ 1851లో వాదించాడు. యంత్రానికేం తెలుసు, ఊదినదాన్ని కొలుస్తుంది. కొలతకి అర్థం చెప్పేవాడి బుద్ధి దానికి అంటుకుంటుంది. ఆ మాట అక్కడితో ఆగిపోలేదు. జాతిని బట్టి 'ఇంత తక్కువైనా మామూలే' అని తగ్గించి చూసే సవరణ నిన్నమొన్నటిదాకా ఈ మిషన్ల లోపల ఉంటూ వచ్చింది. జాతితో నిమిత్తం లేని లెక్క వాడమని అమెరికాలోని ఛాతీ వైద్యుల సంఘం 2023లో గాని సలహా ఇవ్వలేదు. తెలుగువాళ్ళం మనకీ ఇది అవసరమైన సంగతే. పుట్టు చిన్నతనమని కొట్టిపారేసిన ఊపిరిలో ఎంత భాగం కడుపునిండా తిండి లేకా, పొగవల్లా తగ్గిందో ఎవరు చూశారు?

ఆ రోజుల్లో మన హైదరాబాదులో ఊపిరిని చూసిన కళ్ళు వేరే ఉన్నాయి. ఈ ముక్క చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను సుమండీ. ఎడ్వర్డ్ లారీ అని ఇక్కడి రెసిడెన్సీ సర్జను, హైదరాబాద్ మెడికల్ స్కూలుకి పెద్ద. ఆపరేషన్లకి క్లోరోఫాం ఇస్తే కొందరు బల్ల మీదే ఎందుకు పోతున్నారన్నది అప్పట్లో ప్రపంచమంతటా తగాదా. గుండె ముందు ఆగుతుందని కొందరు, ఊపిరి ముందు ఆగుతుందని కొందరు. నిజాం ప్రభువు డబ్బిస్తే లారీ ఇక్కడే 1888లో ఒకసారి, 1889లో ఒకసారి కమిషన్లు వేసి ప్రయోగాలు చేయించాడు. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు దిగొచ్చాడు. వాళ్ళు తేల్చినది ఏమిటంటే, నాడి కాదు, ఊపిరి చూడండి అని. మత్తు ఇచ్చేవాళ్ళ కళ్ళు రోగి రొమ్ము మీదనించి కదలకూడదు.

ఆ స్కూల్లో 1885లో మొదటిసారిగా చేరిన ఆడపిల్లల్లో ఒకరు రూపాబాయి ఫర్దూన్‌జీ. పార్శీ అమ్మాయి. 1889లో పాసై, హైదరాబాదు ఆస్పత్రుల్లో మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేసింది. ప్రపంచంలోనే మొదటి మహిళా ఎనస్థటిస్టు ఈవిడేనంటారు. ఒక్కసారి ఊహించుకోండి. పక్కన కత్తులు, గిన్నెలు, నెత్తురు, హడావుడి. వీటి మధ్య ఆమె పని ఒక్కటే, రొమ్ము లేస్తోందా పడుతోందా అని రెప్పవేయకుండా చూడటం. జ్వరంలో ఉన్న పసివాడి పక్కన తల్లి చేసే పనే, ఆవిడ జీతానికి చేసింది. కమిషన్ తీర్పు పూర్తిగా సరైంది కాదని, క్లోరోఫాం గుండెనీ హఠాత్తుగా ఆపగలదని 1911లో ఇంగ్లండులో ఎ. జి. లెవీ అనే ఆయన రుజువు చేశాడు. అయినా ఊపిరిని కనిపెట్టుకుని కూర్చోవడమన్న అలవాటు తప్పుకాలేదు. ఇవాళ్టి ఆపరేషన్ థియేటర్లో ఆ కాపలా కొంత మిషన్లు కాస్తున్నాయి.

మిషన్లంటే ఎక్స్‌రే చెప్పుకోవాలి. 1895 డిసెంబరులో జర్మనీలో రంట్‌జెన్ తన భార్య బెర్తా చేతిని పలక మీద పెట్టించి బొమ్మ తీశాడు. వేళ్ళ ఎముకలు, ఒక వేలికి ఉంగరం. ఆ బొమ్మ చూసి ఆవిడ తన చావునే చూసినట్టు భయపడిందని చెప్తారు. (సైన్సు పుట్టినప్పుడల్లా ఇంట్లో ఆడవాళ్ళే మొదట దొరుకుతారు గదా!) రొమ్ములోపలి మచ్చలు కంటికి కనిపించడం అక్కణ్ణించి మొదలు.

మన తెలుగుదేశంలో ఈ విద్యకి పుట్టిల్లు మదనపల్లె. 1915లో అక్కడి ఆరోగ్యవరంలో క్షయ రోగుల శానిటోరియం తెరిచారు. డెన్మార్కు నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దానికి మొదటి పెద్ద డాక్టరు. మందు లేని రోజులు. గాలి, వెలుతురు, విశ్రాంతి, పాలు, గుడ్లు, ఇంతే వైద్యం. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదలెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. తర్వాత ఆయన కొడుకు యోహానెస్ 1950 నుంచి 1955 దాకా మదనపల్లె పట్నం, చుట్టుపక్కల పల్లెలు తిరిగి ఇంటింటి మనుషులకీ చిన్న ఎక్స్‌రేలు తీయించాడు. రోగం వచ్చాక ఆస్పత్రికి వచ్చేవాళ్ళని చూడటం కాదు, రోగం ఉందని తెలియనివాళ్ళ దగ్గరికే మిషను వెళ్ళడం. ఆ వెంటనే 1955 నుంచి 1958 వరకు దేశంలో ఆరు ప్రాంతాల్లో పెద్ద సర్వే జరిగితే, అందులో హైదరాబాదు ఒకటి, మదనపల్లె ఒకటి. క్షయ పట్నాల రోగమని అంతదాకా అనుకునేవారు. పల్లెల్లోనూ దాదాపు అంతే ఉందని ఆ ఎక్స్‌రేలు బయటపెట్టాయి.

మొన్నొక ఆదివారం కూకట్‌పల్లి స్టేషన్లో మెట్రో ఎక్కి ఎర్రగడ్డలో దిగాను. బాలానగర్, మూసాపేట, భరత్‌నగర్, ఆ తర్వాతది ఎర్రగడ్డ. అక్కడి ఛాతీ ఆస్పత్రి ఒకప్పుడు నవాబు ఫక్రుల్ ముల్క్ గారి ప్యాలెస్, పేరు ఇర్రం నుమా. స్వర్గంలా కనిపించేది అని అర్థమట. నిజాం కాలంలో వికారాబాదు పక్క అనంతగిరి కొండమీద కూడా క్షయ శానిటోరియం ఉండేది. మా అమ్మ తరంలో 'ఎర్రగడ్డ' అన్నా 'అనంతగిరి' అన్నా గొంతు తగ్గించి చెప్పేవారు. 2022 ఏప్రిల్‌లో ఎర్రగడ్డ ఆవరణలోనే కొత్త పెద్దాసుపత్రికి శంకుస్థాపన చేశారు.

గొంతు ఎందుకు తగ్గించేవారో మీకు చెప్పక్కర్లేదు. పెళ్ళికావలసిన పిల్లకి ఎక్స్‌రే తీయించడమంటే సంబంధం చెడగొట్టుకోవడమే. తీసినా ఆ ఫిలిం బీరువా అడుగున చీరల కింద ఉండేది. కాపురానికి వచ్చిన కోడలు దగ్గితే పుట్టింటికి పంపేవారు. మొగుడు దగ్గితే ఆవిడే పక్కన కూర్చుని తడిగుడ్డ వేసేది. మద్రాసులో చేసిన పరిశోధన 1959లో ఒక గొప్ప మాట చెప్పింది. మందులు సరిగ్గా మింగితే ఇంట్లో ఉన్న రోగికీ, శానిటోరియంలో ఉన్న రోగికీ ఫలితంలో తేడా లేదని. నన్నడిగితే, ఆ పరిశోధన ఎంతమంది ఆడవాళ్ళ కాపురాలు నిలబెట్టిందో లెక్క తీయవలసిన సంగతే.

నర్సమ్మగారు నన్ను నిలదీసిన తెమడ పరీక్ష కూడా ఇక్కడే చెప్పాలి. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయ పురుగును చూపించినప్పటినుంచీ నమ్మకమైన పరీక్ష అదే. ఖర్చు తక్కువ, రోగి చేయవలసినదల్లా లోపలినించి తెమడ తీసి డబ్బాలో ఉమ్మడం. అదే మన దగ్గర బ్రహ్మవిద్య. మర్యాదస్తుల కోడలు నలుగురిలో ఖళ్ళున దగ్గి ఉమ్ముతుందా? కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాస్త ఉమ్మి డబ్బాలో వేసి ఇస్తుంది. ఉమ్మిలో పురుగు కనపడదు, 'ఏమీ లేదు' అని కాయితం వస్తుంది. పాకిస్తాన్‌లోని రావల్పిండిలో కొందరు డాక్టర్లకి ఈ అనుమానమే వచ్చింది. సగంమందికి, ఊపిరి నిండా పీల్చి లోపలినించి ఎలా దగ్గాలో ముందుగా రెండు నిమిషాలు నేర్పారు. అలా నేర్పిన ఆడవాళ్ళలో జబ్బు బయటపడటం పెరిగింది. మగవాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్ళకి ఉమ్మడం నేర్పక్కర్లేదు గదా! 2007లో లాన్సెట్ పత్రికలో అచ్చయిందిది. నా నాయికని ఇప్పుడు రాస్తే ముందు దగ్గడం నేర్పిస్తాను.

ఇంతకీ పొయ్యి సంగతి. క్షయకి ఎక్స్‌రే వచ్చింది, తెమడ పరీక్ష వచ్చింది, పురుగు దొరికింది. పొగకి పురుగేదీ? వంటింటి పొగ రోగమని మన దేశంలో తొలిరోజుల్లో గట్టిగా చెప్పినవాళ్ళలో ముందు వరసలో ఉన్నది ఒక ఆడ డాక్టరే. బర్మాలో పుట్టి ఢిల్లీలో స్థిరపడ్డ శివరామకృష్ణ అయ్యర్ పద్మావతి, మన దేశపు తొలి మహిళా గుండె వైద్యురాలు. ఊపిరితిత్తులు పాడై, ఆ భారానికి గుండె కుడివైపు ఉబ్బిపోయే జబ్బు ఢిల్లీలో ఆడవాళ్ళలో కూడా ఎక్కువగానే ఉండటం ఆవిడ గమనించారు. ఈ ఆడవాళ్ళలో పొగ తాగేవాళ్ళు అరుదు. మరి ఎందుకు? వెతికితే వంటిల్లు కనిపించింది. 1959లో ఆ సంగతి అమెరికా వైద్య పత్రికలో ప్రచురించారు. 2020లో, నూటమూడేళ్ళ వయసులో, కోవిడ్‌తో ఆవిడ పోయారు. ఊపిరితిత్తుల జబ్బే మళ్ళీ.

దానికంటే ఆరేళ్ళ ముందే మన హైదరాబాదులో ఒక ఇంజనీరు ఇదే ఆలోచించాడంటే నమ్ముతారా? ఎస్. పి. రాజు గారు హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో పెద్ద. ఆనకట్టలు, వంతెనల వంటి భారీ విషయాలు చూసే చోటు. అక్కడ కూర్చుని ఆయన ఆలోచించినది వంటింటి పొయ్యి గురించి! మట్టితో కట్టుకునే పొయ్యి, ఒకే మంట మీద రెండు మూడు గిన్నెలు, పొగ గది దాటి పైకి పోవడానికి గొట్టం. కోట్లాది ఇళ్ళకి పొగలేని వంటిళ్ళు కావాలని 1953లో ఇంగ్లీషులో చిన్న పుస్తకమే రాశాడు. ఆ పొయ్యిని పరిశోధనాలయం ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో 'హెర్ల్ చూలా' అన్నారు. డబ్బున్న ఇంట్లో ఆడవాళ్ళని పొయ్యి దగ్గర కూర్చోబెట్టరు, లేని ఇంట్లో పొగ గురించి అడగరు. ఆ రెండింటి మధ్యా ఒక మగ ఇంజనీరు ఆ మాట తలపెట్టాడంటే, ఎవరో తల్లో అక్కో కళ్ళు తుడుచుకుంటూ ఊదుతుండగా చూసే ఉంటాడని నా నవలాకారిణి మనసు చెబుతోంది. రుజువు లేదు లెండి.

మెరుగైన పొయ్యిల కార్యక్రమం దేశమంతా మొదలయ్యేసరికి 1983 వచ్చేసింది. మా అమ్మమ్మ ఇంట్లోనూ ఒక పొగలేని పొయ్యి ఉండేది. రెండు వానాకాలాలకి గొట్టం మసితో పూడిపోయింది. పైకెక్కి దులిపేవాళ్ళు లేరు, మా మామయ్యలకి అది ఆడవాళ్ళ పని, ఆడవాళ్ళు కప్పెక్కకూడదు. మళ్ళీ ఊదుగొట్టమే. 1981 ప్రాంతంలో గుజరాత్ పల్లెల్లో కర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు వంట చేసే ఆడవాళ్ళు పీల్చే పొగని కొలిచాడు. ఊళ్ళో గాలి ఎంత శుభ్రంగా ఉన్నా పొయ్యి ముందు గాలి పరిశ్రమల వాడల్ని మించిపోయింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళ పేరు మీద గ్యాసు కనెక్షన్లు ఇచ్చే దీపం పథకం 1999లో వచ్చింది. దేశమంతటికీ ఉజ్జ్వల 2016లో. రాజుగారి పుస్తకానికీ దీపానికీ మధ్య నలభై ఆరేళ్ళు. మా అత్తగారి ముప్పయ్యేళ్ళ పొయ్యి అంతా ఆ సందులోనే ఉంది.

కరోనా రోజుల్లో వేలికి తగిలించే ఆక్సిమీటరు ఇంటింటికీ వచ్చింది గుర్తుందా? గోళ్ళరంగు తుడిచేసుకుని మరీ పెట్టుకున్నాం. 1974లో జపాన్‌లో టకువో అవోయాగి దాని సూత్రం కనిపెట్టాడు. ప్రపంచమంతా దాన్ని వెతుక్కుంటున్న 2020 ఏప్రిల్‌లోనే ఆయన పోయాడు. నల్లని చర్మం మీద అది ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించవచ్చని ఆ ఏడాది డిసెంబరులో అమెరికా డాక్టర్లు గట్టిగా హెచ్చరించారు. మా అత్తగారికి ఆ మిషను ఎప్పుడూ 95, 96 చూపించేది. మేమంతా నిశ్చింతగా ఉన్నాం. కూర్చున్న మనిషి రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో అది చెబుతుంది గాని, మెట్లెక్కితే ఏమవుతుందో, గొట్టాలు ఎంత ఇరుకయ్యాయో చెప్పదు. దానికి ఊదవలసిందే.

ఊదే పరీక్షలో కిటుకు ఇది. నిండా పీల్చి వదిలిన గాలి మొత్తంలో మొదటి సెకనులో ఎంత బయటపడింది అని చూస్తారు. 1947లో ఫ్రాన్స్‌లో టిఫినో అనే ఆయన ఆలోచన. నూనె సీసా బోర్లిస్తే వెడల్పు మూతి సీసా గుభుక్కున ఖాళీ అవుతుంది, సన్నమూతి సీసా చుక్కచుక్కగా కారుతుంది. లోపలున్నది ఒకటే గాని దారి వేరు. గొట్టాలు ఇరుకైనవాళ్ళకి నూటికి డెబ్భై వంతులు కూడా మొదటి సెకనులో రాదు. తర్వాత మందు పీల్పించి పావుగంట ఆగి మళ్ళీ ఊదిస్తారు. దారి బాగా తెరుచుకుంటే ఉబ్బసం కావచ్చు. అప్పటికీ డెబ్భై దాటకపోతే ఏళ్ళ తరబడి పొగకి బిగుసుకుపోయిన గొట్టాలని అనుమానం.

మా అత్తగారికి మందు పీల్చాక కూడా 58 వచ్చింది.

డాక్టరమ్మ పీల్చే మందు రాసింది, టీకాలు వేయించుకోమంది, రోజూ పార్కులో రెండు చుట్లు నడవమంది. పోయిన ఊపిరి వెనక్కి రాదు గాని ఉన్నదాన్ని కాపాడుకోవచ్చని విడమరిచి చెప్పింది. అత్తగారు అన్నీ విని, "మరి ఈ సంగతి పదేళ్ళ కిందటే ఎవరూ చెప్పలేదేం?" అన్నారు. డాక్టరమ్మ కాసేపు మాట్లాడలేదు. "పొయ్యి గురించి అడగలేదమ్మా" అంది చివరికి.

బయటికి వస్తూ అత్తగారు సెంటరు ముందు ఆగిపోయారు. "నువ్వూ ఊదు" అన్నారు. నాకెందుకత్తయ్యా అంటే, "పన్నెండేళ్ళదాకా మీ అమ్మమ్మ పొయ్యి దగ్గరే పెరిగానని చెప్పావుగా. ఊదు" అన్నారు. అక్కడ ఆవిడ మాటకి ఎదురు చెప్పడం నా వల్ల కాదు. ముక్కుకి క్లిప్పు పెట్టించుకుని కూర్చున్నాను. ఈసారి ఆ అమ్మాయితో పాటు మా అత్తగారు కూడా అరిచారు. "ఊదు, ఊదు, ఆపకు, అన్నం కుండ దింపాలి, ఊదు!"

నాది బాగానే వచ్చింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. నా గీత నిటారుగా లేచి, వాలుగా దిగింది. ఆవిడది కొంచెం లేచి, మధ్యలో ఊయల గుడ్డలా కిందికి జారింది. "నీది కొండలా ఉందే" అన్నారు. రెండూ కలిపి మడిచి, చేతిసంచీలో మందుల డబ్బా కింద పెట్టుకుని, మా ఇంటి వీధి మలుపు దాకా ఆగి ఆగి నడిచారు. ఆ రోజు ఎక్కడ ఆగినా కాళ్ళ మాట ఎత్తలేదు.